కష్టాల్లో దేవుణ్ణి నమ్మడం: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్నప్పుడు, ఉపవాస కూటంలో విన్నపాలు చెప్పమన్నప్పుడు, ఆసుపత్రి వరండాలో రాత్రంతా రోగికి తోడున్నప్పుడు విశ్వాసులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలివి. పాస్టరు గారు ఏమనుకుంటారోనని చాలామంది వీటిని మనసులోనే దాచుకుంటారు. అడగడంలో తప్పు లేదు. యోబు అడిగాడు, హబక్కూకు అడిగాడు, సిలువ మీద ప్రభువు కూడా అడిగాడు. జవాబుల్లో పరిశుద్ధ గ్రంథంలోని అధ్యాయాలూ వచనాలూ ఇచ్చాం. మా మాటతో ఆగిపోకుండా వాటిని తెరిచి చదవండి.

ఎంత ప్రార్థించినా జవాబు రాలేదు. నా విశ్వాసం చాలలేదా?

అలా అనుకోకండి. ఇక్కడ ఒక్క జవాబు చదివే ఓపికే ఉంటే దీన్నే చదవండి.

"విశ్వాసం ఉంటే తప్పకుండా జరుగుతుంది" అన్న మాట మన కూటాల్లో చాలా తేలిగ్గా వినిపిస్తుంది. బిడ్డ బతికిన ఇంట్లో ఆ మాట స్తోత్రంలా ఉంటుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో అదే మాట తల్లి మీద నేరం మోపుతుంది. దుఃఖం ఎలాగూ ఉంది, దాని మీద నింద కూడా వచ్చి పడుతుంది. "నీ విశ్వాసం నిన్ను స్వస్థపరచింది" అని యేసు కొందరితో అన్న మాట నిజమే. అయితే ఒక రోగిని చూపించి "నీకు విశ్వాసం లేదు, అందుకే బాగుపడలేదు" అని ఆయన అన్న సందర్భం నాలుగు సువార్తల్లో ఒక్కటీ లేదు. మత్తయి 17లో మూర్ఛరోగంతో బాధపడే బాలుడు బాగుపడనప్పుడు ఆయన అల్పవిశ్వాసమని ఎవరిని మందలించాడో చూడండి. ప్రార్థించిన శిష్యులను మందలించాడు. బాలుణ్ణి గాని, బాలుడి తండ్రిని గాని ఆ మాట అనలేదు. అదే సంఘటన మార్కు 9లో ఉంది. అక్కడ ఆ తండ్రి తన నమ్మకంలో అపనమ్మకం కూడా కలిసి ఉందని ప్రభువు ముందే ఒప్పుకున్నాడు. అయినా ప్రభువు అతని కొడుకును బాగుచేశాడు.

పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12). ముల్లు అలాగే ఉండిపోయింది, దాన్ని మోయడానికి చాలినంత కృప దొరికింది. రోగులను ఎందరినో లేవనెత్తిన ఆ పౌలే త్రోఫిము అనే తోటి సేవకుణ్ణి మిలేతులో జబ్బుతోనే విడిచి రావలసి వచ్చింది (2 తిమోతి 4:20). గెత్సేమనేలో యేసు తన దగ్గర నుంచి శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు. గిన్నె తొలగలేదు. ఆయనకు విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా?

హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాస వీరుల పట్టిక అని చెప్పుకుంటాం. సాధారణంగా 34వ వచనం దాకా చదివి ఆపేస్తాం, ఎందుకంటే సింహాల నోళ్లు మూయించినవారు, కత్తివాత తప్పించుకున్నవారు అక్కడిదాకా ఉన్నారు. ఆ తర్వాతి వచనాల్లో రాళ్ల దెబ్బలు తిన్నవారు, కోయబడినవారు, గొర్రె చర్మాలు కట్టుకుని దిక్కులేక తిరిగినవారు ఉన్నారు. కోరింది పొందినవారూ పొందనివారూ అందరూ ఆ ఒక్క పట్టికలోనే ఉన్నారు. మీ పేరు కూడా ఆ పట్టికలో పట్టేంత చోటు ఉంది.

మేం ఏ పాపం చేశామని మాకీ కష్టం?

కొన్ని కష్టాలకు కారణం కళ్ల ముందే కనిపిస్తుంది. తాగుడు వల్ల కాలేయం పాడైతే ఆ సంగతి ఒప్పుకోవాలి, చికిత్స చేయించుకోవాలి, మానాలి. కానీ కారణం కనిపించని ప్రతి కష్టం వెనుకా ఒక రహస్య పాపం ఉంటుందని వెదకడం యేసు బోధకు పూర్తిగా విరుద్ధం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వాడూ కాదు, వాడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వారు మిగతా యెరూషలేము వాసుల కంటే ఎక్కువ అపరాధులా అని ఆయనే అడిగి, కారని ఆయనే చెప్పాడు (లూకా 13:4-5).

1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది కొట్టుకుపోయారు. వారిలో దేవుణ్ణి తలచుకుని పడుకున్నవారు ఎందరో ఉండి ఉంటారు. ఆ ఊళ్ల పాపం మిగతా ఊళ్ల పాపం కంటే ఎక్కువని చెప్పడానికి సిలోయము గోపురం గురించి చదివిన ఏ క్రైస్తవుడికీ నోరు రాకూడదు.

యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వారు చేసిన గొప్ప పని అదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. చివరికి దేవుని కోపం వారి మీద రగులుకుంది (యోబు 42:7). పరామర్శకు వెళ్లే ప్రతి సంఘపెద్దా ఆ వచనం చదువుకుని బయలుదేరితే బాగుంటుంది.

దేవుని మీద కోపం వస్తోంది. ఆయనతో అలా మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. 13వ కీర్తనలో దావీదు "ఎంతకాలం" అని మళ్లీ మళ్లీ నిలదీస్తాడు. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. మన ఆరాధనల్లో మాత్రం గెలుపు పాటలే వినిపిస్తాయి, ఈ కీర్తనలు చదివే వారం అరుదు. అందుకే ఏడుపుతో వచ్చినవారు తాము తప్పుచోటికి వచ్చామనుకుంటారు. కోపాన్ని దేవునికి చెప్పుకునేవాడు ఆయన వింటున్నాడని ఇంకా నమ్ముతున్నాడు. మాట్లాడటమే మానేస్తే ప్రమాదం.

జనవరి ఒకటిన వచ్చిన వాగ్దానం నెరవేరలేదు. ఎందుకు?

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన, అర్ధరాత్రి దాటగానే వాగ్దానపు చీటీ తీయడం మనకు ఎంతో ఇష్టమైన ఆచారం. ఏడాదంతా బీరువా తలుపుకు అంటించి చూసుకునే మాట అది. ఆ ఆచారాన్ని తీసిపారేయమని చెప్పడం లేదు. కాకపోతే చీటీ మీద ఒక వచనమే ఉంటుంది, దాని ముందూ వెనుకా ఉండవు.

ఎక్కువ చీటీల్లో కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి. మీకు మేలే తలపెట్టాను, కీడు కాదు అని దేవుడు చెప్పే మాట. ఆ ఉత్తరం ఎవరికి వెళ్లింది? యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవారికి. దానికి ముందటి వచనంలో ఏముంది? డెబ్బై సంవత్సరాలు పూర్తయ్యాక వెనక్కి రప్పిస్తానని ఉంది. ఆ ఉత్తరం చేతిలోకి తీసుకుని చదివిన పెద్దలు చాలావరకు ఆ తిరుగు ప్రయాణం చూడకుండానే చనిపోయి ఉంటారు. మరి ఈలోపు ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. దేవుని మేలు డిసెంబర్‌లోగా అందాలన్న గడువు మనం పెట్టుకున్నదే.

చీటీ తీసిన రోజునే ఆ అధ్యాయమంతా కుటుంబ ప్రార్థనలో చదవండి. ఆ వాగ్దానం ఎవరికి, ఏ పరిస్థితిలో ఇచ్చాడో పిల్లలకు చెప్పండి. అప్పుడు అది ఏడాది తిరిగేలోపు మాసిపోదు.

మాత్రలు మానేసి ప్రార్థన మీదే ఆధారపడితే గొప్ప విశ్వాసమా?

మానకండి. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ, క్షయ మందులు స్వస్థత కూటంలో పారేసి ఇంటికి వెళ్లి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. క్షయ మందు మధ్యలో ఆపితే ఆ మందుకు లొంగని క్షయగా మారవచ్చు, అది ఇంట్లో మిగతావారికీ అంటవచ్చు. జబ్బుపడిన హిజ్కియా రాజు ప్రార్థన విన్న దేవుడు యెషయా నోట అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమని చెప్పించాడు (యెషయా 38:21). పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ఇంటి వైద్యమే చెప్పాడు. సంఘపెద్దలను పిలిపించి నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోండి, యాకోబు 5:14 చెప్పేది అదే. డాక్టరు రాసిన మోతాదు డాక్టరు చెప్పాకే తగ్గించండి. మందులు మానమని వేదిక మీద నుంచి చెప్పేవారు రేపు మీ మంచం పక్కన ఉండరు.

అప్పుల్లో కూరుకుపోయాం. ఉన్నది కానుకగా ఇస్తే దేవుడు నూరంతలుగా తిరిగి ఇస్తాడని చెప్పారు. ఇవ్వాలా?

వాయిదా కట్టాల్సిన డబ్బు ఇవ్వకండి. ఇవ్వగలిగిన దాని ప్రకారమే ఇవ్వడం దేవునికి ఇష్టం, లేనిదాని ప్రకారం కాదు అని 2 కొరింథీ 8:12లో ఉంది. ఇచ్చినదాన్ని వడ్డీతో తిరిగి రాబట్టుకునే లెక్క వ్యాపారంలో ఉంటుంది, కృపలో ఉండదు.

బీద విధవరాలి రెండు కాసుల కథ చెప్పి కానుక అడిగేవారు మార్కు 12:41 దగ్గర మొదలుపెడతారు. ఒక్క వచనం ముందు నుంచి చదవండి. మాయగా దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లను దిగమింగే శాస్త్రులను గురించి యేసు హెచ్చరిక అక్కడే ఉంది. ఆ వెంటనే ఒక విధవరాలు తన జీవనమంతా పెట్టెలో వేయడం ఆయన చూశాడు. ఆమె భక్తి గొప్పదే. ఆమె చేతిలో ఇక ఏమీ మిగల్చని ఆ ఏర్పాటు గురించే పై వచనంలో ఆయన మండిపడ్డాడని నా నమ్మకం.

అప్పు గురించి గ్రంథంలో చదవదగిన కథ 2 రాజులు 4లో ఉంది. ప్రవక్తల శిష్యుల్లో ఒకడు అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆమె సిగ్గుపడి తలుపు వేసుకోలేదు, ఎలీషా దగ్గరికి వెళ్లి ఉన్న సంగతి చెప్పేసింది. ఎలీషా ఆమెను కానుక అడగలేదు. "నీ ఇంట్లో ఏముంది?" అని అడిగాడు. ఒక కుండలో నూనె తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు ఇళ్లలో ఖాళీ పాత్రలు అడిగి తెమ్మన్నాడు. అద్భుతం దేవునిది, పాత్రలు మాత్రం ఊరివాళ్లవి. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నువ్వూ నీ కొడుకులూ బతకండి అన్నాడు. అప్పు మాయం కాలేదు, తీరింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరుసగా వచ్చాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేసింది. ఆ కుటుంబాలకు లోకంలో లేనంత ధనం అవసరం లేకపోయింది. సంగతి పదిమందికి తెలిసి, వాయిదా గురించి మాట్లాడే మనిషి ఒకరు పక్కన ఉంటే ఎందరో బతికేవారు. కనుక ముందు అన్ని అప్పులూ ఒక కాగితం మీద రాయండి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతమని గుర్తుపెట్టుకోండి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చండి. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు చేయకండి. ఎవరికీ జామీను ఉండకండి, సామెతలు 6:1-5 ఆ విషయంలో చాలా కచ్చితంగా ఉంది. సంఘంలో లెక్కలు తెలిసిన నమ్మకమైన ఒకరితో కూర్చోండి. సంఘపు కానుకల డబ్బు కొత్త సౌండు బాక్సులకు వెళ్లే ముందు ఇలాంటి ఇంటికి వెళ్లాలని పెద్దలను అడిగే హక్కు మీకుంది.

అంతా దేవుడే చూసుకుంటాడని నమ్మితే మన ప్రయత్నం ఎందుకు?

ఒంగోలు ప్రాంతంలో 1876–78 నాటి కరువు గురించి పెద్దవాళ్లు చెప్పుకునేవారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు ఏం చేశాడంటే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బోధకులు కూలీల మధ్యనే ఉండి పని చేయించారు, సాయంత్రాలు దేవుని మాట చెప్పారు. బాప్తిస్మం కోసం ఎందరు అడిగినా, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడుస్తున్నంత కాలం ఇవ్వలేదు. సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి గింజ కూడా లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు.

మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన పెద్ద గుడి కూడా కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పనీ తిండీ చూపిస్తూ లేచిందే. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. ఈ రోజు అక్కడికి వెళ్లి రంగుటద్దాల కిటికీలు చూసి ఆశ్చర్యపోయేవారు ఆ రాళ్లు మోసిన చేతులను కూడా తలచుకోవాలి.

మన తాతముత్తాతలకు దేవుడు చేసిన సాయం పారల రూపంలో, గంపల రూపంలో వచ్చింది. ఆకాశపక్షులను చూడండి అని మత్తయి 6లో ప్రభువు చెప్పినప్పుడు చింతను మానమన్నాడు. పని మానమనలేదు. పక్షులు తెల్లవారకముందే లేస్తాయి.

ఏళ్లుగా పోటీ పరీక్షలు రాస్తున్నాను. ఇది దేవుని చిత్తం కాదేమో?

హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఉండి చదివే విశ్వాసుల పిల్లల నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. 2022 అక్టోబరులో రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. అది దేవుడు మిమ్మల్ని తిరస్కరించడం ఎలా అవుతుంది? అది మనుషుల అన్యాయం, మనుషుల నిర్లక్ష్యం. యోసేపు చెరసాలలో ఉండగా, విడుదలైన పానదాయకుడు అతన్ని మరచిపోయాడు. ఆ మరపు ఖరీదు యోసేపుకు మరో రెండేళ్లు (ఆదికాండం 40:23, 41:1). దేవుడు యోసేపుకు తోడుగా ఉన్నాడన్నదీ నిజమే, పానదాయకుడు చేసింది తప్పన్నదీ నిజమే.

ఎంతకాలం చదవాలో ముందే ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. మధ్యలో చిన్న ఉద్యోగంలో చేరితే విశ్వాసం ఓడిపోయినట్లు కాదు. పౌలు డేరాలు కుట్టాడు.

భర్త తాగి కొడతాడు. ఓర్చుకుని ప్రార్థించమంటున్నారు. అదేనా విశ్వాసం?

ప్రార్థించండి, ఆ ఇంట్లో దెబ్బలు తింటూ మాత్రం ఉండకండి. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు గోడకు ఆనుకుని నిలబడలేదు. తప్పించుకుని ఆ రాత్రే పారిపోయాడు (1 సమూయేలు 19:10). అభిషేకం పొందినవాడు, దేవుణ్ణి నమ్మినవాడు పారిపోయాడు. మిమ్మల్నీ మీ పిల్లలనూ కాపాడుకోవడం లోబడకపోవడం కిందికి రాదు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు, అదే ఇంట్లో ఉండే హక్కు కూడా కోరవచ్చు. 181కి ఫోన్ చేస్తే మహిళల సహాయ కేంద్రం స్పందిస్తుంది. భర్త మారుమనస్సు పొందితే దేవునికి స్తోత్రం. అయితే మారాడని నమ్మడానికి కాలం కావాలి, ఏడుస్తూ చెప్పిన ఒక సాక్ష్యం చాలదు.

ఈ విషయంలో "సర్దుకుపో అమ్మా" అని చెప్పి పంపేసే పెద్దలు ఆ తర్వాత జరిగేదానికి దేవుని ముందు జవాబు చెప్పాల్సి ఉంటుంది.

బతకాలని లేదు. క్రైస్తవుడికి ఇలాంటి ఆలోచన రావచ్చా?

వస్తుంది. మోషేకు వచ్చింది, యోనాకు వచ్చింది. కర్మెలు కొండ మీద అంత విజయం చూసిన ఏలీయా కొన్ని రోజులకే చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసుకో అన్నాడు (1 రాజులు 19). దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ పెట్టాడు. నీ శక్తికి మించిన ప్రయాణం అని ఆ దూత అన్న మాటలో ఎంత దయ ఉందో చూడండి.

ఈ ఆలోచన ఇప్పుడే ఉంటే, ఇది చదవడం ఆపి 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఒకరికి చెప్పి ఈ రాత్రికి పక్కనే ఉండమనండి. పురుగుమందు డబ్బాలు ఉంటే బయటికి పంపించేయండి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం దెయ్యం పట్టినట్లు కాదు, విశ్వాసం పోయినట్లూ కాదు.

సర్టిఫికెట్‌లో హిందువు, ఆదివారం క్రైస్తవుడు. దేవుని ముందు నేను అబద్ధికుణ్ణా?

తెలుగు సంఘాల్లో ఇంతకంటే ఎక్కువగా దాచుకునే బాధ మరొకటి లేదు. 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు మాత్రమే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉండిపోయారు. తెలుగు నేలలో మతం మారిన ఎస్సీలకు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. ఊరు మాత్రం వారిని ఇప్పటికీ పాత కులం పేరుతోనే చూస్తుంది, శ్మశానంలో కూడా. ఈ అన్యాయం మీద సుప్రీంకోర్టులో ఏళ్లుగా వ్యాజ్యాలు నడుస్తున్నాయి. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కూడా వేశారు.

చట్టపరంగా మీ కాగితాల సంగతి న్యాయవాదిని అడగండి, అక్కడ చిక్కులు నిజమైనవి. దేవుని ముందు సంగతికి 2 రాజులు 5:18-19 చదవండి. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నుంచి బాగుపడ్డాక, రాజుగారు తన చేతి మీద ఆనుకుని రిమ్మోను అనే దేవత గుడిలో మొక్కేటప్పుడు తానూ వంగక తప్పదని, అందుకు క్షమించమని వేడుకున్నాడు. ఎలీషా పట్టుబట్టలేదు, తిట్టలేదు. నెమ్మది గలిగి వెళ్లు అన్నాడు. దీన్ని అబద్ధానికి అనుమతిగా చదవనక్కర్లేదు. మరొకరి అధికారం కింద నలిగేవాడి మనస్సాక్షితో దేవుడు ఎంత మృదువుగా ఉంటాడో మాత్రం ఇందులో కనిపిస్తుంది. అలాంటి కుటుంబాలను వేదిక మీద నుంచి వేషధారులని తిట్టేవారిలో చాలామందికి ఆ ఇబ్బంది ఎప్పుడూ ఎదురవలేదు.

కువైట్‌లో ఇంటి పనిలో ఉన్నాను. సంఘానికి వెళ్లనివ్వరు. నా విశ్వాసం ఎలా నిలుస్తుంది?

కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన అక్కచెల్లెళ్ల ప్రశ్న ఇది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధనలు ఆ రోజు జరుగుతాయి, బయటికి పంపే ఇల్లైతే వెళ్లండి. పంపని ఇంట్లో ఉంటే హాగరును తలచుకోండి. ఆమె యజమానురాలి చేతిలో నలిగిన దాసి, పరాయి దేశపు స్త్రీ. ఎడారిలో ఆమెను వెదుక్కుంటూ వచ్చిన దేవునికి నన్ను చూచే దేవుడు అని ఆమే పేరు పెట్టింది (ఆదికాండం 16:13). గ్రంథంలో దేవునికి పేరు పెట్టిన ధన్యత ఆ పనిమనిషిదే. ఫోను ఉంటే ఇంటి దగ్గరవాళ్లతో ఒక కీర్తన చదువుకోండి. జీతం ఆపినా, చేయి చేసుకున్నా ఓర్చుకోకుండా భారత రాయబార కార్యాలయానికి చెప్పండి.

ఇతరుల సాక్ష్యాలు వింటుంటే సంతోషం బదులు బాధ వస్తోంది.

సహజమే. మన కూటాల్లో ఉద్యోగం వచ్చినవారు, వీసా వచ్చినవారు లేచి సాక్ష్యం చెబుతారు. రానివారు కూర్చునే ఉంటారు. ఇంకా రానివారు కూడా లేచి "ఇంకా రాలేదు, అయినా వచ్చాను" అని చెప్పే అవకాశం ఇవ్వమని పాస్టరు గారిని అడగండి. ఎవరైనా ఒకరు అలా చెప్పిన రోజున ఆ మందిరంలో ఎన్ని తలలు పైకెత్తుతాయో మీరే చూస్తారు.

ప్రార్థన రావడమే లేదు. మోకరిస్తే మాట పెగలడం లేదు.

మాటలు రాకపోతే మూలుగులు చాలు, ఆత్మ వాటితోనే విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది. 13వ కీర్తనలో ఆరే వచనాలు. రోజుకోసారి పైకి చదవండి, మనసు కలవకపోయినా చదవండి. ఆదివారం వెనుక వరసలో కూర్చున్నా సరే, ప్రభువు బల్ల దగ్గరికి రండి.

అది కూడా చేతకాని రోజులుంటాయి. మార్కు 2లో పక్షవాయువుతో మంచం పట్టినవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు, ఇంటి కప్పు విప్పి దించారు. అక్కడ యేసు చూసింది ఆ నలుగురి విశ్వాసాన్ని. పడుకున్నవాడు నోరు తెరిచి ఏమైనా అడిగినట్లు ఆ కథలో లేదు. మీ నలుగురిని పిలుచుకోండి. కనీసం ఒక్కరికి "నా కోసం మీరు ప్రార్థించండి, నా వల్ల కావడం లేదు" అని ఈ రోజే చెప్పండి.

ఇది చదువుతున్నవారిలో ఆ నలుగురిలో ఉండదగినవారికి కూడా ఒక మాట. కొన్ని వారాలుగా మందిరంలో కనిపించని మనిషికి ఫోన్ చేసి ఎందుకు రావడం లేదని అడగకండి. ఇంటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు అన్నం, కూర పట్టుకెళ్లండి. ఆ ఇంటి పిల్లలకు సోమవారం బడికి క్యారేజీ కట్టేవారు ఉన్నారో లేదో చూసి, లేకపోతే మీరు కట్టి పంపండి.